కుర్చీగా కూర్చున్న అల్లుడు

ఫొటోలు గాజు పలకల మీద తీసే రోజులు. మేడమీది గాజుకప్పు గదిలో ఫొటోగ్రాఫరు, భార్యాభర్తలిద్దరు, వాళ్ళ ఏడు నెలల బాబు.

"ఇంకొంచెం వంగండి సార్. కుర్చీకి భుజాలుండవు."

"ముప్పై లెక్కపెట్టేదాకా ఈ దుప్పటి కిందేనా ఫొటోగ్రాఫరు గారూ? ఊపిరాడటం లేదు."

"పసిపిల్లల్ని ఇలాగే తీస్తాం సార్. ఎవరో ఒకరి ఒళ్ళో లేకపోతే ఆగరుగా! మామూలుగా తల్లినే కప్పుతాం, మరి మీ ఇంట్లో..."

"వాడు నా దగ్గర ఆగడండీ, ఈయనే కావాలి. కానీ ఈయన మొహం మాత్రం కనపడకూడదు. మనవడి ఫొటో పంపమన్న మా నాన్న, అల్లుడి మొహం చచ్చినా చూడనన్నారు."

"ఏం చేశారు సార్?"

"ఏముందండీ, పెళ్ళిరోజు మామగారి పెట్టుడు మీసం గాలికి ఊడితే... కాస్త నవ్వొచ్చింది."

"కాస్తా! పొట్ట పట్టుకుని దొర్లారు. 'ఆ ఇకిలించే మొహం మళ్ళీ నా కంట పడకూడదు' అన్నారు నాన్న. రెండేళ్ళయింది, మా గుమ్మం తొక్కలేదు."

"సరే సరే. సార్, తల కదలకుండా వెనకున్న ఆ ఇనప కొక్కేనికి ఆనించండి. పైకప్పు కూలినా కదలొద్దు. నవ్వొద్దు. అమ్మా, మీరు పక్కన నిలబడి గిలక్కాయ ఆడించండి. నా చూపు గడియారం మీదే ఉంటుంది. కెమెరా మూత తీస్తున్నా... ఒకటి... రెండు..."

"చిన్నీ! ఇటు చూడు, ఇటు ఇటు!"

"...ఇరవై తొమ్మిది, ముప్పై. అయ్యయ్యో! దుప్పటెప్పుడు జారింది?"

"వెలుతురు తగిలింది గానీ మీరు కదలొద్దన్నారుగా!"

"ఉండండి, చీకటి గదిలో పలక కడుక్కొస్తా, ఎలా వచ్చిందో చూద్దాం."

"ఏమే, ఇక లేవచ్చా?"

"కుర్చీ లేవడమేంటండీ! ఆయన రానివ్వండి."

"దేవుడా! బాబుకి మూడు తలలొచ్చాయమ్మా, అంతలా కదిలాడు. సార్ మాత్రం గుళ్ళో విగ్రహంలా వచ్చారు. ఇంకొకటి తీద్దాం, ఈసారి దుప్పటికి సూదులు గుచ్చుతా."

"నాక్కాదుగా గుచ్చేది? సరే, తీయండి. ఇది చూస్తే మామగారు..."

"వద్దు. ఇదే పంపుదాం."

"మతి పోయిందా నీకు?"

"నాన్న వద్దన్నది ఇకిలించే మొహం. ఇందులో ఒక్క పన్నయినా కనిపిస్తోందా? ఇక మనవడి తలలు ఎన్నో తేల్చుకోవాలంటే ఆయనే బండి కట్టించుకుని వస్తారు."

"అదీ నిజమే! దేవుడి దయవల్ల జారిందన్నమాట దుప్పటి."

"దయ దేవుడిదేనండీ. లాగింది నేను."