పోతమ్మ మంచె

పోతమ్మని ఒకామె ఉండేదంట, నల్లమల చెంచుల ఆడబిడ్డ. ఆమె మొగుడు బయన్నని ఫారెస్టోళ్లు మంట కాపలాకి పెట్టుకున్నారు. కొండదేవుడి కాడికి కాలిబాటన పోతంటే ఇప్పుడు ఇనప మంచె కనపడతందే, అప్పట్లో అది కట్టెల మంచె అనుకో. ఎండాకాలమొస్తే మొగుడూ పెళ్లాం కాపరం ఆ పైనే. యాడన్నా పొగ లేస్తే బయన్న దిగి పరిగెత్తాల, పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పాల. అదీ పని.

ఒక యేడు ఏమైందంటే, ఎండలకి అడివంతా ఎండి గలగలమంటా ఉంది. మా ఊరోళ్లు గుంపు కట్టుకోని కొండదేవుడికి నడిచిపోతన్నారు. మా నాయనమ్మ అందులోనే ఉంది, మా నాయన్ని చంకనేసుకోని. కిందనించి మంటొచ్చింది. వీళ్లకి కనపడదు, గుట్ట అడ్డం. మంచె మీదున్న పోతమ్మకి రెండూ కనపడతన్నాయి, ఇటు మనుషులు, అటు మంట. అరిచింది. అంత దూరం యాడ ఇనపడుద్ది? అప్పుడు బయన్న, నేను పోయి వాళ్లని వాగులోకి తోలుకొస్తా, నువ్వు కూడా దిగవే అన్నాడంట. వాగు మంచె దిగువనేలే. ఆమేమో, "నేను దిగితే పొగలో నీకు దారెవరు చెప్తారు మావా? ఎడమకి తిరగాలంటే కూతేస్తా, కుడికి తిరగాలంటే డబ్బా కొడతా. నువ్వు పో!" అంది.

పోయాడు. గుంపుని తిప్పుకోని కూత ఇనపడే దూరానికి వస్తంటే పొగ కమ్మేసింది. ఎట్టా పొగంటే, చెయ్యి పట్టుకుంటేనే పక్కన మనిషున్నట్టు. పైనించి కూత. ఎడమకి తిరిగారు. డబ్బా మోత. కుడికి తిరిగారు. కూత, మోత, మళ్లా కూత, మళ్లా మోత. గాలి తిరిగినప్పుడల్లా ఆమె దారి తిప్పింది. వాగులో కాలు పెట్టారో లేదో, మోత ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఏముంది, మంచె కాల్తా ఉంది. బయన్న ఎనక్కి పరిగెత్తబోతే మొగోళ్లంతా గట్టిగా పట్టుకున్నారంట. మా నాయనమ్మ ఆ మాట చెప్పేటప్పుడల్లా కళ్లు తుడుచుకునేది.

పొద్దు వాలేటప్పుడు బూడిదలోనించి ఒక మనిషి కుంటుకుంటా వచ్చింది. పోతమ్మే! మంచె అంటుకోగానే తాడు పట్టుకోని జారి, గడ్డి మొలవని బండ మీదికి పోయి పడుకుందంట, మంట దాటిపోయిందాకా. వచ్చీ రాగానే, "అందరూ చేరారా?" అంది. మా నాయనమ్మ పోయి కాళ్ల మీద పడబోతే, "ముట్టుకోబాకమ్మో, బొబ్బలెక్కినాయ్!" అందంట. ఏడుస్తానే నవ్వారంట అందరూ.

తర్వాత యేడు ఫారెస్టోళ్లు ఇనప మంచె కడతామని కమ్మీలు తెచ్చారు. లారీ కొండెక్కదు గదా. మా ఊరు ఊరంతా పోయి భుజాన మోసింది. ఎవరో పిలిస్తే పోలా, సంగతి ఇని వాళ్లే పోయారు. పోతమ్మకి మాత్రం అది నచ్చలేదనుకో. "ఎండకి ఇనుము కాళ్లు కాలుస్తంది, కట్టెదే నయం" అని గొణుక్కుంటా ఎక్కేదంట. అది చెవినపడి మావాళ్లు మళ్లీ చెక్కలు మోసుకుపోయి పైన పరిచారు!

అదీ ఆ మంచె సంగతి. మా నాయన బతికాడు గాబట్టి నేనున్నా, నేనున్నా గాబట్టి మీకీ కత. పైకెక్కి ఫోటోలు దిగండి, ఎవరొద్దన్నారు? కిందకి దిగేముందు మాత్రం ఆమె పేరు ఒక్కసారి తల్చుకోండి. నోరేం పడిపోదులే.