చెప్పుల గుట్ట మీద లేచిన మాలు

"ఏమప్పా జిలాన్, నీ మనవరాలు పైకి రమ్మనిందంట, ఇంకా ఈడనే కూర్చోనుండావే?" అన్నాడు టీ అంగడి చెంగయ్య. రోడ్డుకు అవతల పెద్ద మాలు. అందులో మూడో అంతస్తు బట్టల అంగట్లో రుహీ ఈ నెలే పనిలో చేరింది. తాతకు తన చేత్తో ఒక చొక్కా ఎంచి ఇవ్వాలని ఆమె ఆశ. బెంచీ మీద జిలాన్ పక్కన అతని పాత స్నేహితుడు సుబ్రమణ్యం కూర్చోనున్నాడు.

"పోతాలే అబ్బా, టీ తాగనీ. ఆ మాలుకు నేను కొత్తనా? అది లేచిందే నా చేతుల మిందుగా. నవ్వొద్దు సుబ్రమణ్యం, నువ్వప్పుడు నగరిలో మగ్గాల కాడ ఉంటివి, నీకేం తెలుసు. ఇదంతా చెనిక్కాయ చేను. చిత్తూరు బస్సులు ఈడ నిలిచేవి కూడా కాదు. గట్టు మింద గొడుగులు బాగుచేసుకుంటా నేనొక్కణ్ణే. చెనిక్కాయలు పెరికే దినాల్లో వాన పడితే ఆ మట్టి వాసన ఉండాదే, ఇప్పుడు యాడ వెతికినా దొరకదు.

సరే, చేను పోయి మాలొచ్చింది. అప్పుడొకటే అంతస్తు. తెరిచిన దినం జనం వచ్చి చూస్తే, లోపల నేల అద్దం మాదిరి మెరస్తా ఉండాది. చెప్పులతో తొక్కేదానికి ఎవురికైనా మనసొస్తాదా? అందరూ గుమ్మం కాడే ఇడిచి లోపలికి పోయినారు. ఓనరు నా కాడికి ఉరికొచ్చి, 'జిలాన్ భాయ్, నువ్వే కాపాడల్ల' అని చేతులు పట్టుకున్యాడు."

"అంటే చెప్పులకు కాపలా," అన్నాడు సుబ్రమణ్యం.

"కాపలా అంటే అంత లోకువా? టోకెన్లు లేవు, చీటీలు లేవు. అరుగుదల చూసి మనిషిని చెప్పేవాణ్ణి. మడమ అరిగింటే చిత్తూరు కోర్టు చుట్టూ తిరిగే మనిషి. మామిడి సొన అంటుకోనుంటే మండీ మనిషి. ఒక్క జత తారుమారైంటే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? శ్రీకాళహస్తి నుంచి, పుత్తూరు నుంచి బస్సులు బస్సులు జనం. చెప్పులు గుట్టయినాయి, గుట్ట మిద్దెను దాటిపాయ. జనం దాన్ని ఎక్కి నేరుగా మిద్దె మిందికి పోయినారు. పోయినోళ్లు నిలబడేదానికి చోటు కావల్ల గదా, అందుకని ఓనరు రెండో అంతస్తు కట్టినాడు."

"మరి మూడోది?" చెంగయ్య టీ వడపోస్తూ అడిగాడు.

"గుట్ట ఆగితే గదప్పా. కొండ మింద ఉండేవాళ్లు కిందికి చూసి, ఇదేంది కొత్త గుట్ట మొలిచింది అనుకున్యారంట. ఒకనాడు అంత గుట్టా మెల్లగా కదిలింది సూడు, నిలబడినోళ్లు నిలబడినట్లే పైకి పోతా ఉండారు. మద్రాసు నుంచి వచ్చిన ఇంజనీరు నోరు తెరిచి చూసి, కాగితం మింద గీసుకోని పోయినాడు. మీరు ఇప్పుడు ఎస్కలేటరు అంటా ఉండారే, అదే ఇది.

ఎన్ని చెప్పినా ఆ దినాలు రావబ్బా. లోపలికి పోయేముందు జనం కాళ్లు దులుపుకోని, కొంగు సర్దుకోని పోతా ఉండిరి. ఇప్పుడు బూట్లతో టకటకా పోతారు, నా పక్క చూసేవాడే లేడు. నాకు బాధగానే ఉంటాది."

అంతలో రుహీ రోడ్డు దాటి వచ్చింది. "దాదా, నిన్న గుమ్మం దాకా వచ్చి, కాలెత్తి, మళ్లా ఎనక్కి పెట్టి పోతివే. పైన అద్దంలోంచి చూస్తానే ఉన్యాను. ఈ పొద్దు నా చెయ్యి పట్టుకోని ఎక్కు."

జిలాన్ చెప్పులు విడిచి బెంచీ కింద పెట్టాడు. సుబ్రమణ్యం అందులో ఒకటి తీసి తిరగేసి చూశాడు.

"మడమ కొత్తగానే ఉండాది. వేళ్ల కాడ అరిగి చిల్లి పడింది. ఇది ఎవురిదో నేను చెప్పనా అప్పా? ఇన్నేండ్లూ అద్దాల తలుపు బయటనే మునికాళ్ల మింద నిలబడి, లోపలికి తొంగిచూసిన మనిషిది."

చెంగయ్య నవ్వబోయి మానుకున్నాడు.

"చెప్పులేసుకో దాదా, ఇప్పుడెవురూ ఇడవరు," అంది రుహీ.

"నేను ఇడుస్తా," అని జిలాన్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రోడ్డు దాటబోతూ వెనక్కి తిరిగాడు. "చెంగయ్యా, వాటి పక్కన ఇంకొక జత పెట్టనీయొద్దు. నేను దిగొచ్చేలోపల నాలుగో అంతస్తు లేస్తాది."