వేదికకు దారి

"వేదిక మీదికి నేనెలా వెళ్లాలండీ?"

జగ్గయ్యపేట నుంచి ఫోనులో అడిగినప్పుడు జవాబు రాని ప్రశ్ననే, నందిగామ సభామందిరంలో, తన పుస్తకావిష్కరణకు కొద్దిసేపటి ముందు, చక్రాల కుర్చీలో కూర్చున్న రచయిత్రి నిర్వాహకుణ్ణి మళ్లీ అడిగింది.

"మెట్లే కదా మేడమ్. మావాళ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తేస్తారు."

"నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది. ఆ రోజు నేను ప్రసంగించక్కర్లేదు. మెట్ల మీద వాలుగా చెక్కలు వేయించమన్నాను."

"టైమ్ చాల్లేదండీ. పూల ఆర్చి కట్టించేసరికే మధ్యాహ్నమైపోయింది."

"పుస్తకం చదివారా?"

"ఇంకా లేదండీ. మీ పరిచయం మాత్రం నేనే రాశా. కాళ్లు లేకపోయినా ఎంత పైకొచ్చారో మొత్తం పెట్టా."

"కాళ్లున్నాయి, నడవవు. ఆ పుస్తకం సున్నపురాయి క్వారీ కూలీల గురించి. అందులో నా కాళ్ల ప్రస్తావన లేదు."

"జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారండీ."

"మైకు కిందికి తెప్పించండి. అతిథులూ నా పక్కనే కూర్చుంటారు."

"అంత పెద్దవాళ్లని కింద కూర్చోబెడితే ఏం బాగుంటది మేడమ్?"

"నన్ను కూర్చోబెడితే?"

"మీకు అలవాటే కదండీ."

ఆమె కుర్చీని వాకిలి వైపు తిప్పుకుంది.

"మరి సభో?"

"జరుపుకోండి. నాలాంటివాళ్లు లేకుండా జరపడం మీకు అలవాటే."

పాఠకులారా, ఈసారి మీకు సభకు పిలుపు వస్తే, వేదిక మీదికి ఎలా వెళ్లాలన్న ఆమె ప్రశ్నే అడగండి. జవాబు రాకపోతే, మీరూ ఆ మెట్లెక్కకండి.