నాలుగు రోజులు సాగిన ప్లేఆఫ్ మ్యాచ్

నిన్న ఇంటిముందు మంచు ఎత్తబోయి లొరెయిన్ మొగుడు నడుం పట్టేసి మంచమెక్కాడు. అలా ఇవాళ్టి అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్, అంటే ఓడినవాళ్ళు ఇంటికెళ్ళిపోయే ఆట, టికెట్టు ఒకటి మిగిలిపోయింది. బఫెలో స్టేడియం బయట, కార్ల డిక్కీలు ఎత్తుకుని పొయ్యిల మీద సాసేజ్‌లు కాల్చుకుంటున్న జనం మధ్య, ఆ ఒక్క టికెట్టు కోసం కర్టిస్, జిగ్గీ అనే ఇద్దరు ముసలాళ్ళు పొద్దుట్నుంచి కాట్లాడుకుంటున్నారు. నా టికెట్టు నేను ముందే కొనుక్కున్నాను కాబట్టి నాకిదంతా వినోదమే.

లొరెయిన్ ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. అల్లరి ఎలా ఆపాలో ఆవిడకి తెలుసు.

"ఒకటే ప్రశ్న. ప్లేఆఫ్‌లో గెలిపించేది దాడా, డిఫెన్సా? నన్ను నమ్మించినవాడు నాతో లోపలికొస్తాడు. రెండోవాడు ఇక్కడే పొయ్యి చూసుకుంటూ రేడియో వింటాడు" అంది.

"ఇంతోటి దానికి ఆలోచనెందుకూ? పాయింట్లు తెచ్చేది దాడి. అవి లేకుండా గెలిచినవాడెవడు?" అన్నాడు కర్టిస్.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని లేచాడు జిగ్గీ. ఇతను ఊరంతా బ్రెడ్డు బండి తోలి రిటైరయ్యాడు. ఏ ఇంట్లోనూ బ్రెడ్డొక్కటే ఇచ్చి ఊరుకున్న పాపాన పోలేదు, కథ కూడా చెప్పి కదిలేవాడు.

"లొరెయినమ్మా, విను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఇలాగే ఆదివారం ప్లేఆఫ్, ముందురోజు రాత్రంతా మంచు. స్టేడియం వాళ్ళు, పార ఉన్నవాళ్ళందరూ రండహో అని ఊళ్ళో చెప్పారు. నేనూ వెళ్ళాను. ఇందులో గొప్పేం లేదు, ఊరంతా వెళ్ళింది. నేను కుర్చీల వరసలు శుభ్రం చేస్తుంటే మన జట్టు కోచ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. డిఫెన్సులో ఒకడు రోడ్డుమీద మంచులో చిక్కుకున్నాట్ట. నా భుజాలు చూశాడు. 'ఒరే పారబ్బాయ్, కాసేపు నిలబడతావా?' అన్నాడు. సరే, పెద్దాయన అడిగాడు కదా అని నిలబడ్డాను."

"హెల్మెట్టు?" అన్నాను నేను.

"చెవులు పట్టలేదు, కానీ పెట్టుకున్నా. మొదటివాడు బంతి చంకన పెట్టుకుని వచ్చాడు. నూటనలభై కిలోలుంటాడు. నేను కదల్లేదు, వాడే నన్ను గుద్దుకుని కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనవాళ్ళు పదిమందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, 'వీడున్నాడుగా' అని వేడి సూపు తాగడానికి వెళ్ళిపోయారు!"

"పదిమందీనా?" అన్నాడు కర్టిస్.

"ఒకడు మొహమాటానికి రెండు నిమిషాలు ఉన్నాడులే. ఇంక నేనొక్కణ్ణే. వాళ్ళు కుడివైపొస్తే కుడివైపు, ఎడమవైపొస్తే ఎడమవైపు. నేల మీద లాభం లేదని బంతి పైకి విసిరారు. ఆ చలికి బంతి గాల్లోనే గడ్డకట్టి ఆగిపోయింది! నా పార తెచ్చుకుని తట్టి దింపాల్సొచ్చింది. ఆట సమయం అయిపోయింది, సున్నా సున్నా."

"డ్రానా మరి?" అంది లొరెయిన్.

"ప్లేఆఫ్‌లో డ్రా ఎక్కడుందమ్మా! ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడాల్సిందే. సోమవారం ఆడాం. మంగళవారం ఆడాం. రిఫరీలకి గడ్డాలు పెరిగి విజిలు కనబడకుండా పోయింది. మూడో వరసలో సీటు నాదంటే నాదని తిట్టుకున్న ఇద్దరు సోమవారానికి మెత్తబడ్డారు, మంగళవారం పెళ్ళి చేసుకున్నారు, బుధవారం బిడ్డని తెచ్చి నా చేత పేరు పెట్టించారు."

"ఒక్క రోజులో బిడ్డా?"

"చలికాలం కర్టిస్! ఆ పుట్టినవాడే ఇప్పుడు మా పేటలో దంతవైద్యుడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు ఆకలేసింది. నాలుగు రోజులు తిండి లేకపోతే ఎవడికైనా కోపమొస్తుంది కదా. అవతలి జట్టు పదకొండు మందినీ ఒక్కసారిగా వాటేసుకున్నానంతే. తోసుకుంటూ వాళ్ళ గీత దాటించాను, గేటు దాటించాను, గడ్డకట్టిన సరస్సు మీద జారించుకుంటూ అవతల కెనడా ఒడ్డుకి చేర్చాను! అక్కడి అధికారి కాగితాలేవన్నాడు. 'బాబూ, డిఫెన్సుకి కాగితాలుండవు' అన్నాను. బంతి ఉన్నవాణ్ణి వాడి గీత వెనక పడేస్తే మనకి రెండు పాయింట్లు కదా? రెండు సున్నాతో గెలిచాం. దాడి చేసేవాళ్ళు ఒక్క పాయింటు తేలేదు. ఇదీ లొరెయినమ్మా, డిఫెన్సంటే!"

పక్క కారు వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. జిగ్గీ టోపీ తీసి అందరికీ వంగి, టికెట్టు కోసం చెయ్యి చాపాడు.

లొరెయిన్ కళ్ళు తుడుచుకుంది. "నమ్మాను జిగ్గీ. ప్రతి మాటా నమ్మాను."

"నాకు తెలుసు!"

"నాలుగు రోజులు చీమని కూడా దాటనివ్వలేదా?"

"దాటనిస్తానా!"

"ఇంత గొప్ప కాపలాదారుణ్ణి లోపల కుర్చీలో కూర్చోబెడితే నాకు పాపం తగులుతుంది. ఈ పొయ్యి, కుర్చీలు, కారు అన్నీ నీ మీద వదిలేస్తున్నా. కర్టిస్, పద."

"నేనింకా ఏమీ చెప్పనే లేదే" అన్నాడు కర్టిస్.

"ముందుకు నడవటమే కదా నీ వాటం. నడు."

జిగ్గీ మొహం వెలవెలబోయింది. అతను నిజంగా ఆశపడ్డాడు. పోయిన ప్లేఆఫ్ కూడా ఇక్కడే రేడియోలో విన్నాడు పాపం. లొరెయిన్ కోటు అంచు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"అమ్మా, కొంచెం కలిపి చెప్పానేమో."

"ఎంత కలిపావు?"

"పార పట్టుకెళ్ళిన మాట నిజం. అక్కణ్ణుంచి..."

"అక్కణ్ణుంచి?"

"ఇంటికెళ్ళిపోయాను."

లొరెయిన్ టికెట్టు కర్టిస్ జేబులో పెట్టింది. "అయితే డిఫెన్సు గెలిపించిందన్నదీ అబద్ధమేగా. అలా చూసినా టికెట్టు ఇతనిదే."

జిగ్గీ మా ముగ్గురినీ చూశాడు. కర్టిస్ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. చివరికి జిగ్గీకీ నవ్వొచ్చేసింది. పట్టకారు అందుకుని సాసేజ్‌లు తిరగేస్తూ అడిగాడు:

"పోనీ, రేడియోలో బ్యాటరీలైనా ఉన్నాయా?"