కుడితిలో గోంగూరన్నం

ఏంటీ? మళ్లీ అడుగు, ఈ చెవి సరిగా పట్టదు. "మీ కాలంలో ఆడవాళ్లకి ఈ మలబద్ధకాలూ గ్యాసులూ ఉండేవి కావా అమ్మమ్మా" అనా? ఎందుకుండవే పిచ్చిదానా! మాకూ పొట్టే కదా ఉండేది, ఇనప్పెట్టె కాదుగా. కాకపోతే ఇన్ని పేర్లు లేవు. "కడుపు బిగిసింది" అనుకునేవాళ్లం, చిటికెడు వాము నోట్లో వేసుకునేవాళ్లం, పనిలోకి పోయేవాళ్లం. అంతే.

ఇట్టా దగ్గరగా జరుగు. ఆ దిండు నడుం వెనక పెట్టుకో. ఆరో నెల్లో అట్టా గొంతుక్కూర్చోకూడదు, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

ఆడదాని పొట్ట వయసుకో రకంగా ఆడిస్తదమ్మాయ్. చిన్నప్పుడు మా పుట్టింట్లో, అదే పెదకాకాని పక్కన, మా అమ్మ అప్పుడప్పుడూ పిల్లలందరికీ ఆముదం పోసేది. ఇంట్లో కాచిన వంటాముదం, గోరువెచ్చగా చేసి, ముక్కు మూసి, గుటుక్కుమనిపించేది. మా అన్నయ్యలు దూలమెక్కి కూర్చునేవాళ్లు. నేను మాత్రం బుద్ధిగా తాగేదాన్ని. ఎందుకంటావా? ఆముదం పోసిన రోజు బడుండదు, మధ్యాహ్నం మిరియాల చారన్నం, దానికితోడు అమ్మ పక్కనే పడుకోబెట్టుకునేది. అంతమంది పిల్లల్లో అమ్మ పక్క దొరకటమంటే మాటలా?

ఆ తర్వాత పెద్దమనిషినయ్యా. ఇహ చూస్కో, వచ్చినావిడల్లా చిమ్మిలే. నువ్వులూ బెల్లం రోట్లో దంచి, ముద్దలు చేసి, "తిను తల్లీ, నడుం గట్టిపడుద్ది" అని ఒకటే నోట్లో కుక్కటం. మా మేనత్తయితే అణాకి ఎన్నో నువ్వులొచ్చే రోజులు కదాని బస్తాకి బస్తా మోయించుకొచ్చింది. నడుం సంగతేమో గానీ పొట్టైతే రాయిలా గట్టిపడింది. కదిల్తే ఒట్టు.

సరే, అదట్టా ఉంచు. అసలు కత పెళ్లయ్యాక.

నన్నిచ్చింది ఒంగోలు వైపు. నల్లరేగడి. మా అత్తగారిల్లు ఊరికి చివరిల్లు, దొడ్డి గోడ దాటితే మా చేనే. ఇంట్లో ఆడవాళ్లం ముగ్గురం. నేనూ, మా అత్తయ్యా, మా మామగారి తల్లీనూ. ఆవిణ్ణి పెద్దత్త అనేదాన్ని. నోట్లో ఒక్క పన్ను లేదు, నోరు మాత్రం కొడవలి. మీ తాతయ్య సంగతి తెలిసిందేగా, వాళ్ల నాన్న ముందు నోరెత్తేవారు కాదు.

ఇప్పట్లా ఇంట్లో మరుగుదొడ్లేవీ? తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, వీధిలో ఆడవాళ్లంతా చెంబులు పట్టుకుని గుంపుగా దొంకలోకి పోవటమే. దొంకంటే చేల మధ్య బండ్ల బాటమ్మా, అటూ ఇటూ ముళ్లకంపలుంటయ్. మధ్యలో పగలేదైనా వచ్చిందా, బిగబట్టుకో. కొత్త కోడలు చెంబు పట్టుకుని మామగారి కంటపడితే ఇంకేమన్నా ఉందా! ఆయనేమో వసారాలో, సరిగ్గా దారికడ్డంగా మంచమేసుకుని, పొగచుట్ట కాలుస్తా కూర్చునేవారు. మీసాలు చూస్తేనే నాకు వచ్చింది కాస్తా వెనక్కెళ్లిపోయేది.

మా అత్తయ్య నన్నూరించేది. "తొలకరిదాకా ఓపికపట్టవే. మన వెనక చేలో జొన్న వేస్తారు, మధ్యలో కంది సాళ్లు. జొన్న నిలువెత్తు లేస్తదిగా, ఇహ మనం మహారాణులం, పగలైనా దొడ్డి తలుపు తీసుకుని పోవచ్చు. జొన్న కోసినా కంది ఉంటది." నేనూ కొత్తచీర కోసం చూసినట్టు జొన్న కోసం చూశా, నవ్వకు.

తొలకరి పడింది. మామగారు జొన్న వెయ్యలా. మిరప వేశారు. ఆ యేడు ఊరంతా మిరప పిచ్చి పట్టింది, "ఎర్రబంగారం" అని. మిరపచెట్టు ఎంతెత్తుంటది? మోకాలు దాటి కాస్త. దాని చాటున కోడిపెట్ట కూడా దాక్కోలేదు.

అప్పటికి నాకు నెల తప్పింది. వేవిళ్లు పోయి ఆకలి మొదలయ్యాక, బాబోయ్, ఏం ఆకలే అది! రోలు కూడా తినెయ్యొచ్చు. కానీ తింటే ఏమవుద్ది? వెళ్లాలిగా! అందుకని నేనో ఉపాయం కనిపెట్టా. అసలు తినకపోతే పోలా? నీళ్లు తాగకపోతే పోలా? ఆడవాళ్లం ఎటూ చివర్నే కదా తినేది, ఎవరు చూడొచ్చారు? కంచంలో పెట్టుకుని, రెండు ముద్దలు కతికి, మిగతాది తీసుకెళ్లి గేదె కుడితి తొట్టిలో కలిపేసేదాన్ని. ఆ గేదె నున్నగా నిగనిగలాడింది. నేను మొహం పీక్కుపోయి కందికట్టెలా అయ్యా.

మంత్రసాని వచ్చి పొట్ట తడిమి, "పిల్ల ఎదగట్లేదమ్మా, తల్లి తింటోందా లేదా" అనడిగింది. మా అత్తయ్య గుండెల్లో రాయి పడింది. నాకూ భయమేసింది, ఎందుకెయ్యదూ. పడుకుంటే పొట్టలో కదులుద్దో లేదోనని చెయ్యేసుకుని చూసుకునేదాన్ని. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి ఆ వసారా మంచం గుర్తొచ్చి మళ్లీ కుడితి తొట్టే.

ఒకరోజు పట్టుబడ్డా. మా అత్తయ్య గేదెకి కుడితి కలుపుతా చెయ్యి లోపలికి పెట్టింది. పైకి తీస్తే గోంగూరన్నం ముద్ద.

"ఏమే, కుడితిలో గోంగూర పచ్చడేంటే?" అంది. "నా చేతి వంట గొడ్లకి తప్ప పనికిరాదా నీకు?" అని ఒక్కటే రంకె. ఏడుపాగలేదు నాకు. "అది కాదత్తయ్యా. తింటే వెళ్లాలి కదా..." అన్నా.

ఇహ తిడుతుందనుకున్నా. తిట్టలా. ఆ ముద్ద అట్టాగే చేతిలో పట్టుకుని గోడకానుకుని కూర్చుండిపోయింది. "నేనూ సాయంత్రం మజ్జిగ మానేసి ఏడాది కావస్తోందే" అంది. ఆవిడకి అప్పుడు ముట్లుడిగే వయసు. ఒళ్లంతా ఆవిర్లు, పొట్ట ఉబ్బరం, పైగా మొలల బాధ. చెప్పుకుంటే సిగ్గని ఎవరికీ చెప్పలేదు. ఈ మాటలు విని పెద్దత్త మూలనుంచి, "నేను చప్పరించేది తమలపాకనుకున్నారా? కరక్కాయ ముక్క. అది లేకపోతే నాకు వారమైనా కదలదు" అంది. చూశావా? ఒక కప్పు కింద ముగ్గురం, మూడు వయసులు, ఒకళ్లకి తెలీకుండా ఒకళ్లం పొట్ట కట్టేసుకున్నాం.

ఆ పూటే అత్తయ్య మామగారినడిగింది, దొడ్డి వెనక కాస్త దడి కట్టించమనీ, వచ్చే తొలకరికి నాలుగు సాళ్లు జొన్న వెయ్యమనీ. ఆయన చుట్ట తీసి, "ఆడాళ్ల చెంబుల కోసం మిరప నేల పాడుచేసుకోమంటావా? ఊళ్లో నవ్వుతారు" అన్నారు. అయిపోయింది. ఆ నోటివెంట మాటొస్తే రాతే.

ఇప్పుడసలైంది విను. మామగారికో అలవాటు. ఏటా చలి తగ్గుతుండగా, ఒక అమావాస్య చూసుకుని ఆముదం పుచ్చుకునేవారు, ఒళ్లు తేలికపడాలని. అమావాస్యే ఎందుకూ? ఆ రోజు అరక కట్టరు, చేలో మనిషుండడు. దర్జాగా ఎన్నిసార్లయినా వెనక చేలోకి పోయి రావచ్చు.

కానీ మిరపకాయలు కోసేది మరియమ్మ ముఠా. వాళ్లు కిరస్తానీలు, వాళ్లకి సెలవు ఆదివారంగానీ అమావాస్య కాదు. వెనక చేలో జొన్నా కందీ ఉన్నన్నాళ్లూ ఆ తేడా మాకు పట్టింపులోకి రాలా. మరియమ్మ ముందురోజే వచ్చి, "రేపు కోతకి రమ్మంటారా అమ్మగారూ, కాయ పండి రాలిపోతోంది" అనడిగింది. అత్తయ్య, "రండి, రండి" అంది. ఆ సంగతి మామగారికి చెప్పటం మర్చిపోయానని తర్వాత చెప్పింది. దేవుడి పటం మీద చెయ్యేసి మరీ చెప్పింది. నేనైతే ఇప్పటికీ నమ్మను.

తెల్లారగట్ల ఆయన ఆముదం తాగారు. వేణ్ణీళ్లు తాగారు. వసారాలో అటూ ఇటూ నడిచారు. పొద్దెక్కింది. కడుపు గుడగుడమన్నట్టుంది, చెంబు పట్టుకుని దొడ్డి తలుపు తీశారు. చేనంతా ఆడకూలీలు! సాలుకొకరు, రంగురంగుల చీరలు, నవ్వులూ పాటలూ. ఆయన చెంబు కండువా కింద దాచుకున్నారు. మరియమ్మ చూసేసింది, చెంబుని కాదు, మనిషిని. "అయ్యగారూ, మంచి సమయానికొచ్చారు, ఈ సాలు చూడండి తాలుకాయ ఎంతుందో" అని పిలిచింది. తాలంటే తెల్లబోయిన మిరపకాయ. పిలిస్తే పోకపోతే ఎట్టా? పోయారు. ఆవిడ ఒక్కో కాయా తీసి చూపిస్తోంది. మామగారి మొహం ఆ కాయకన్నా తెల్లగా ఉంది!

ఉండు, నాకే నవ్వొస్తోంది... ఆ నీళ్లిటివ్వు.

ఎట్టాగో బయటపడి లోపలికొచ్చి, "ఏవే, వీళ్లని పంపించెయ్" అన్నారు. అత్తయ్య చేటలో బియ్యం చెరుగుతా, తలెత్తకుండా, "వాళ్ల కూలి పొద్దు నేనెట్టా చెడగొట్టేది? పొద్దుగూకిందాకా ఆగండి. మేం ఆగట్లా?" అంది. పెద్దత్త తన కొడుక్కేసి చూసి, "కరక్కాయ చప్పరిస్తావంట్రా?" అంది. నేను తలుపు చాటున చీర కొంగు నోట్లో కుక్కుకున్నా. చివరికాయన గేదెల సావిట్లోకి పరుగు తీశారు. ఆ పెద్దమనిషికి ఆ పూటంతా గేదె చాటే మరుగు. నేను పెట్టిన గోంగూరన్నం ఊరికే పోలా, గేదె బాగా అడ్డంగా పెరిగింది కదా!

మర్నాడు ఆయన తాటాకులు నరికించుకొచ్చి, దొడ్డి వెనక నిలువెత్తు దడి తనే స్వయంగా కట్టారు. వసారాలో మంచం కూడా వీధి వైపు తిప్పి వేసుకున్నారు. ఆ తొలకరికి దడి చుట్టూ జొన్న సాళ్లు. కోతకొచ్చిన మరియమ్మ వాళ్లూ అక్కడికే వచ్చేవాళ్లు పాపం, అప్పటిదాకా వాళ్లకి మాత్రం ఎక్కడుందీ చోటు?

ఆ దడి లేచిన పూట అత్తయ్య నాకు ఎదురుగా కూర్చుని గోంగూరన్నం కలిపి, పక్కన నీళ్ల చెంబు పెట్టుకుని, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. నా కన్నతల్లి కూడా అట్టా పెట్టలేదు. మీ అమ్మ బొద్దుగా పుట్టింది, వీధి చివరికి వినపడేలా ఏడ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్పానో తెలుసా? నీ నీళ్ల సీసా చూశా. పొద్దున నువ్వు బడికి పాఠాలు చెప్పటానికి వెళ్తుంటే నేనే నింపిచ్చా. నింపింది నింపినట్టే తెచ్చావ్. నిన్నా అంతే.

...ఆ? గడియ లేదా? ఆడ టీచర్ల మరుగుదొడ్డి తలుపుకా? అందుకా నీళ్లు తాగంది?

చూడు, మా అత్తయ్య ఆ ముద్ద పట్టుకుని కూర్చున్నట్టే ఉంది నాకిప్పుడు, ఆ సీసా చూస్తే. కడుపు మండిపోతోంది. రేపు వెళ్లి మీ హెడ్మాస్టరునడుగు. సిగ్గుపడకు, గట్టిగా అడుగు. పెట్టిస్తానంటే సరే. నవ్వి ఊరుకున్నాడనుకో, ఒక పూట మనింటికి భోజనానికి పిలువు. ఆముదం సీసా ఇంకా నా దగ్గరే ఉంది.

రా తల్లీ, ఇట్టా వంగు. ఆకలేసినప్పుడు అన్నం, అవసరమైనప్పుడు మరుగు, నీకూ నీ కడుపులో దానికీ ఎప్పుడూ లోటు రాకుండా చల్లగా ఉండండి. ఇదిగో, ఈ గ్లాసు పట్టుకో. తాగు. ఊఁ... మొత్తం తాగు, నేను చూస్తున్నా.