బాన్యెల్లో వేడినీళ్ళలో పిలిచినవాడు

“ఇటలీ అంటే అందరూ రోమ్ అంటారు, వెనిస్ అంటారు, ఒరిగిపోయిన ఆ టవర్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగి వచ్చేస్తారు. నేను వెళ్ళలేదని కాదు, వెళ్ళాను, చేత్తో ఆపాను కూడా, కానీ మొన్న వేసవిలో నేను చూసిన ఊరు ఒకటుంది, అది మీలో ఎవరూ చూసుండరు,” అన్నాడు త్యాగరాజు, టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేసి. చేతులు రెండూ ఖాళీగా ఉంటే తప్ప ఆయనకి కథ రాదు.

కెనడాలోని సస్కటూన్‌లో డాక్టర్ రవిశంకర్ గారిల్లు. ఆదివారం భోజనాలయ్యాయి. బయట ఎండ బాగానే కాస్తోంది గానీ తలుపు తీస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. అందరూ సన్‌రూమ్‌లో హీటర్ చుట్టూ చేరారు. త్యాగరాజు వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యాడు, కోతలు కొయ్యడంలో మాత్రం ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. ఆయన భార్య భ్రమరాంబ పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న అమృత కార్పెట్ మీద కూర్చుంది. మూలకుర్చీలో శాలువా కప్పుకుని లక్ష్మీకాంతం గారు. ఆవిడ భర్త కోదండరామ్ కిందటి చలికాలంలో పోయాడు. ఆయనా త్యాగరాజూ ప్రాణస్నేహితులు. ఆ తర్వాత ఆవిడ నలుగురిలోకి రావడం ఇదే మొదలు. భ్రమరాంబే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది.

“ఊరి పేరు బాన్యెల్లో. కొండ మీద కాసిని రాతి ఇళ్ళు, ఒక చర్చి. ఏ ఊరికైనా మధ్యలో నాలుగు దార్లూ కలిసే చోటు ఉంటుంది కదా, అక్కడ ఆ చోటంతా నీళ్ళే. పెద్ద రాతి తొట్టి, అడుగునుంచి వేడినీళ్ళు బుడబుడమని ఉబికొస్తుంటాయి. రోమన్ల కాలం నుంచీ అంతేనట, ఇంకలేదు, చల్లారలేదు. వాసన ఎలా ఉంటుందంటే, దీపావళి మర్నాడు పొద్దున్నే వీధితలుపు తీస్తే గుప్పుమంటుందే, అదీ. గంధకం. చుట్టూ తాడు కట్టి, దిగకూడదని బోర్డు పెట్టారు. నేను చేసిందల్లా ఏంటంటే, గట్టు మీద కూర్చుని తాడు కిందనుంచి కాళ్ళు చాపి మోకాళ్ళ దాకా ముంచాను. అంతే, మోకాళ్ళ నెప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.”

“ఇందాక మా మెట్లెక్కుతూ అమ్మా అన్నారు కదండీ?” అన్నాడు రవిశంకర్.

“అది కెనడా నెప్పి డాక్టరుగారూ. ఇటలీకి ముందున్న నెప్పి పోయింది. సరే, కాళ్ళు పెట్టినవాణ్ణి అక్కడితో ఊరుకుంటానా? గోదారొడ్డున పుట్టినవాణ్ణి. తాడు కిందనుంచి దూరి నడుం దాకా దిగాను. ఎంత వేడనుకున్నారు? జేబులో ఈవిడ పెట్టిన అటుకుల పొట్లం ఉంది, అది జేబులోనే ఉప్మా అయి కూర్చుంది.”

“పోపు కూడా పడిందా?” అంది భ్రమరాంబ తలెత్తకుండానే.

“అంకుల్, ఫోటో ఉందా?” అంది అమృత.

“ఉందమ్మా. గట్టు మీద ఫోన్ నిలబెట్టి టైమర్ పెట్టి తీశాను. అందులో నీళ్ళు వచ్చాయి, గట్టు వచ్చింది, నేను రాలేదు.”

అమృత నవ్వింది. నవ్వాక ఆయన మొహం చూసి, “ఆంటీ, మీరు చూశారా?” అంది.

“నేను ఐస్‌క్రీం లైన్లో ఉన్నానమ్మా. ఈయన ఎటో వెళ్ళారు, వచ్చారు. బట్టలైతే తడవలేదు.”

“విన్నారా! అదే నేను చెప్పేది, ఆ నీళ్ళకి తడి లేదు!” అని త్యాగరాజు ముందుకు జరిగాడు. “ఇక్కణ్ణించి నవ్వకండి. మిట్టమధ్యాహ్నం. మా టూర్ బస్సెడు మందీ అక్కడే ఉన్నారు, ఒకటే గోల. నేను ఇంకో అడుగు లోపలికి వేశాను. గోల ఆగిపోయింది, రేడియో కట్టేసినట్టు. వెనక్కి చూస్తే మనుషుల్లేరు, ఆవిరి ఉంది. ఆవిరి అన్నాక పైకి పోవాలి కదా, అది పోవట్లేదు, మనిషెత్తున నిలబడి ఉంది, ఎవరో గుంపుగా నిలబడి మనవైపే చూస్తున్నట్టు. ఒక్క పిట్ట లేదు. చర్చి గంట ఒక్కసారి కొట్టింది, ఆ మోత ఆగదు, సన్నగా చెవిలో అలా సాగుతూనే ఉంది. అప్పుడు చూశాను, ఒడ్డున ఒక ముసలావిడ. నల్లబట్టలు. దుప్పట్లు జాడిస్తోంది, చప్పుడు లేదు. నన్ను చూసి ఏదో అంది.”

“మీకు ఇటాలియన్ వచ్చా?” అంది అమృత.

“రాదమ్మా. కానీ వాళ్ళ మాటా మన మాటలాగే అచ్చుతోనే ఆగుతుంది, పైగా వాళ్ళూ మనలాగే సగం చేతులతోనే మాట్లాడతారు, నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. ఏమందో తెలుసా? ‘దిగితే దిగావు. లోపల నిన్నెవరైనా పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలక్కు.’”

రవిశంకర్ పకోడీ నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు.

“మునిగాను. కింద మెట్లున్నాయి. ఎన్ని కాళ్ళు దిగాయో, ప్రతి మెట్టూ అరిగి గిన్నెలా గుంట పడింది. అన్నీ దిగిన గుర్తులే, ఎక్కిన గుర్తు ఒక్కటి లేదు. ఊపిరి బిగబట్టి దిగుతున్నాను, దిగుతున్నాను, ఎంతకీ అడుగు రాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా తల నీళ్ళపైకి వచ్చింది. కిందకి పోయేవాడి తల పైకి ఎలా వస్తుందయ్యా అంటే నేనేం చెప్పను, వచ్చింది. చూస్తే అదే ఊరు. అవే ఇళ్ళు, అదే చర్చి. కిటికీలన్నీ మూసున్నాయి. ఎండ ఉంది, దాంట్లో వేడి లేదు. గట్టు వెంబడి మనుషులు, మెడ దాకా నీళ్ళలో, వరసగా కూర్చుని ఉన్నారు. ఇనపటోపీల సైనికులు, జపమాలలు పట్టుకున్న సన్యాసులు, చంటిపిల్లల్నెత్తుకున్న తల్లులు. రెండు వేల ఏళ్ళనుంచీ అలా నానుతున్నారు. ఒక్కరి జుట్టూ తడవలేదు. గడ్డాల కిందే నీళ్ళున్నాయి కదా, ఊపిరి తగిలి కదలాలి కదా. కదలట్లేదు.”

“అయ్యబాబోయ్,” అంది అమృత మెల్లిగా.

“మనకి భయమా? ‘అందరికీ నమస్కారం’ అన్నాను. అన్ని తలలూ ఒక్కసారే తిరిగాయి. చంటిపిల్లలవి కూడా. అప్పుడు ఆ చివర్నించి ఎవరో పిలిచారు. ‘ఒరే త్యాగూ’ అని. తెలుగులో.”

“ఎవరు?” అన్నాడు రవిశంకర్.

ఎవరో తెలీదని అక్కడితో తేల్చేస్తే సరిపోయేది. కానీ త్యాగరాజు నోరు ఎప్పుడూ ఆయన కంటే ఒకడుగు ముందే ఉంటుంది. ఇంత పెద్ద కథకి తగిన పేరు కోసం వెతికి, దొరికిన పేరు అనేసింది.

“మన కోదండం.”

భ్రమరాంబ చేతిలో కమలా తొన అలాగే ఉండిపోయింది. అన్నాక గానీ ఆయనకి మూలకుర్చీ సంగతి గుర్తు రాలేదు. ఎవరూ అటు చూడలేదు.

“ఎలా ఉన్నారు?” అంది లక్ష్మీకాంతం. పొద్దుటినుంచీ ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

త్యాగరాజు ఆవిడ వైపు తిరిగాడు. “బావున్నాడమ్మా. జుట్టు నల్లగా... మేం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో ఎలా ఉన్నాడో అలాగే.”

“చలేస్తోందన్నారా?”

ఆయన జవాబు చెప్పేలోపే ఆవిడ మళ్ళీ అంది, “ఆయనకి చలంటే భయం అన్నయ్యగారూ. ఆ రోజు ఫ్యునరల్ హోమ్‌లో పల్చటి చొక్కా తొడిగారు. లోపల స్వెట్టర్ వేద్దామంటే, ఇప్పుడెందుకమ్మా అన్నారు ఎవరో. నేనూ ఊరుకున్నాను. అప్పట్నించీ ఇంట్లో హీటింగ్ పెంచుకోవాలంటే నాకు చెయ్యి రాదు.”

“చలా!” అన్నాడు త్యాగరాజు, గొంతు సవరించుకుని. “మెడ దాకా వేడినీళ్ళమ్మా. బుగ్గలు ఎర్రగా కంది ఉన్నాయి.”

ఆవిడ తలాడించింది. శాలువా భుజం మీంచి జారినా సర్దుకోలేదు. “అమృతా, ఆ ఊరికి ఎలా వెళ్ళాలో నీ ఫోన్లో కాస్త చూడమ్మా. టికెట్ తీసుకుంటాను.”

అమృత ఫోను తీసింది గానీ చూడలేదు, త్యాగరాజు వైపు చూసింది. “ఏమండీ,” అంది భ్రమరాంబ, ఆయనకి మాత్రమే వినబడేటట్టు. కథని వెనక్కి తిప్పడం ఆయనకి ఏనాడూ చేతకాలేదు. భయపెట్టైనా ఆపుదామనుకున్నాడు.

“మీరు వెళ్ళకూడదమ్మా, అసలు సంగతి ఇంకా చెప్పలేదు కదా! పలకొద్దంది కదా ముసలావిడ, నేను అలవాటుకొద్దీ ఓయ్ అన్నాను. అంతే, నీళ్ళు చుట్టూ బిగిశాయి, సిమెంటు పట్టేసినట్టు. పక్కనున్న సైనికుడు కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. చూద్దును కదా, గట్టు రాయి అక్కడ నా వీపు ఆకారంలోనే అరిగి ఉంది. నేను పుట్టకముందునుంచీ నాకోసం అరుగుతున్నట్టు. కూర్చున్నానంటే ఇక లేచేది లేదు. ఆ ముసలావిడ దుప్పటి కొంగు ఒకటి నీళ్ళలోకి జారవిడిస్తే, పట్టుకుని ఎలాగో పైకి వచ్చిపడ్డాను. ఊరికే రానివ్వలేదమ్మా. నా నీడ అక్కడే ఉంచేసుకున్నారు.”

అందరూ కార్పెట్ వైపు చూశారు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతోంది.

“అదిగో అంకుల్, మీ నీడ,” అంది అమృత.

“అది భ్రమరాంబదమ్మా. ఇద్దరం సర్దుకుంటున్నాం.”

భ్రమరాంబ ఆయనకి ఆనుకుని కూర్చుంది. కార్పెట్ మీద నిజంగానే ఒక్క నీడే ఉంది. అమృత కాళ్ళు దగ్గరికి లాక్కుంది.

“నాకిప్పుడు నీడతో పనేముంది,” అంది లక్ష్మీకాంతం.

“అది కాదమ్మా, తమవాళ్ళని వెతుక్కుంటూ దిగినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ తిరిగి రాలేదు.”

“రాకపోతే మానె.”

ఇవాళ పెరుగు తోడుకోకపోతే మానె అన్నంత మామూలుగా అంది. రవిశంకర్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. డాక్టరుగా ఆయన ఆ గొంతు ఇంతకుముందు కూడా విని ఉన్నాడు. త్యాగరాజు గాల్లో ఉన్న చేతులు తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మిమ్మల్ని రావద్దన్నాడమ్మా,” అన్నాడు, ఈసారి నెమ్మదిగా. “నాతో చెప్పి పంపాడు.”

“ఏమన్నారు? ఆయన ఎలా అన్నారో అలాగే చెప్పండి, మాట మార్చకుండా.”

“ఏమన్నాడంటే... ‘లక్ష్మీ, నేను సుఖంగా ఉన్నాను. నువ్వే నా ప్రాణం. నిన్ను చేసుకోవడం నా అదృష్టం. నాకోసం బెంగపెట్టుకోకు, ఇక్కడికి మాత్రం రాకు’ అన్నాడమ్మా.”

“లక్ష్మీ అన్నారా?”

“అన్నాడు.”

“ప్రాణం అన్నారా?”

“కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ అన్నాడు.”

లక్ష్మీకాంతం ఆయన్ని చాలాసేపు చూసింది. కింది పెదవి వణికింది. ఏడ్చేస్తుందనుకుని భ్రమరాంబ లేవబోయింది. అంతలో ఆవిడ గొంతులోంచి వచ్చింది నవ్వు. చాన్నాళ్ళుగా వాడని గొంతేమో, మొదట దగ్గులా వచ్చి తర్వాత నవ్వయింది.

“అన్నయ్యగారూ, ఆ మనిషి పెళ్ళయిన దగ్గర్నించీ నన్ను ‘ఇదిగో’ అనే పిలిచారు. నాకో పేరుందని తెలుసో తెలీదో. ఒకసారి టొరంటో ఎయిర్‌పోర్టులో నేను తప్పిపోతే, మైకులో పేరు చెప్పించండి సార్ అని అక్కడివాళ్ళు మొత్తుకుంటున్నా వినకుండా, ‘ఇదిగో, ఇదిగో’ అని అరుచుకుంటూ గేటు గేటుకీ తిరిగారు. పోయేముందు హాస్పిటల్లో ఒకసారి స్పృహ వచ్చాక కళ్ళు తెరిచి నన్ను చూసి అడిగిందేంటో తెలుసా? ‘ఇవాళ కూరేంటి?’ అని.”

“అంటే... ఆవిరిలో... మరి...” అన్నాడు త్యాగరాజు.

“మీరు చూసింది మా ఆయన్ని కాదు లెండి. ఆవిరిలో ఇంకెవర్నో చూసి పొరబడ్డారు.” శాలువా చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఆవిడ వంగి అమృత చేతిలో ఫోను మెల్లిగా బోర్లా తిప్పింది. “ఆయనెవరో గానీ, ఆ పెళ్ళాం పెట్టి పుట్టింది. ఆవిడెక్కడుందో వెతికి ఆ మాట చెప్పి రండి.”