పాలగిన్నె మీది పళ్లెం

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న మేనేజరు గారికీ, ఈ బస్సుల వర్క్‌షాపులో నాకంటే ముందు చెమటోడ్చి వెళ్లిన పెద్దలకూ, నా స్టోరు కిటికీ ముందు నిలబడి స్పానర్ల కోసం నన్ను వేపుకు తిన్న మెకానిక్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, మొదటి వరసలో ఏమీ ఎరగనట్టు కూర్చున్న మా ఆయనకూ నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్నానని నన్ను పొగిడినవాళ్లందరికీ కృతజ్ఞతలు. ఇంత మంచిదాన్నని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే ఇంకాస్త ఎక్కువ సతాయించేదాన్ని. (నవ్వులు)

నా వెనక ఉన్న ఆ గొలుసుల బుట్ట ఏమిటా అని మా ఆడపడుచు ఇందాకటి నుంచీ మెడ సాచి చూస్తోంది. డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట ఉంది వదినా. పళ్లెం లాంటి డిస్కు విసిరితే అది ఆ వేలాడే గొలుసులకు తగిలి కింద బుట్టలో పడాలి. పనికిరాని గొలుసులు ఏరుకొచ్చి దాన్ని వెల్డింగు చేసింది మీ తమ్ముడే. రోజూ భోజనాలయ్యాక షెడ్డంతా దాని ముందే ఉంటుంది. రిటైరయ్యేవాళ్లు ప్రసంగం ముగించేలోపు ఆ పసుపు గీత మీద నిలబడి ఒక్క పళ్లెం వెయ్యాలి. పడితే దాన్ని ఆ గోడకు తగిలిస్తారు, పడకపోతే మూటగట్టుకుని ఇంటికి పోవడమే.

ఇక్కడే వెల్డరుగా చేసి, షెడ్డులో అందరికీ ఆట నేర్పిన మా ఆయన, తన వీడ్కోలు నాడు వేస్తే, పళ్లెం గొలుసుల పక్కనుంచి పోయి మేనేజరు గారి టీ కప్పును తన్నింది. (నవ్వులు) మా ఆయన కూడా మీతో పాటే నవ్వారు, ఇంటికొచ్చాక మాత్రం భోజనం ముట్టలేదు. మర్నాటికి ఆ పళ్లెం మా వంటింట్లో పాలగిన్నె మీద మూతైంది. ఆ తర్వాత ఎంత పిలిచినా ఇటు రాలేదు, నా కోసం ఇవాళ వచ్చారు.

ఇక నా గురి సంగతి మీకు తెలియంది కాదు. బుట్ట ఇక్కడుంటే పళ్లెం మన పెయింటరన్న రంగు డబ్బాలో తేలేది. ఇక నా వల్ల కాదని చేతులెత్తేస్తే మా ఆయన ఒకటే అన్నారు: "పొద్దస్తమానం కిటికీలోంచి స్పానర్లు అందిస్తావు కదా, ఎప్పుడైనా ఒక్కటి కింద పడేశావా? విసరకు. అందించు."

ఇంటి వెనక బట్టల తీగకు నాలుగు గొలుసులు కట్టి, కింద బకెట్టు పెట్టి, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబెట్టారు. వరసగా పడితే ఒక అడుగు వెనక్కి, తప్పితే మళ్లీ ముందుకి. గొలుసులన్నీ చూడకు, ఒక్క లింకునే చూడు, పళ్లెం వదిలేశాక కూడా చెయ్యి దాని వైపే ఉండనీ అని ఒకటే పోరు. మొత్తానికి చేతికి బుద్ధొచ్చింది.

ఇంత తెలిసినవారు మీరెలా తప్పారండీ అని ఒకరోజు అడిగాను. గొలుసు వైపు కాదు, నా పళ్లెం ఎక్కడ తగిలిస్తారా అని గోడ వైపు చూశాను, అన్నారు. ఏమండీ, తల దించుకోకండి. ఈ గోడ మీదున్న ప్రతి పళ్లెమూ మీ బుట్టలో పడిందే. అందులో మీది లేని చోటే స్టోరు కిటికీలోంచి నాకు రోజూ కనబడేది.

మేనేజరు గారూ, చిన్న సందేహం. పడిన పళ్లాన్ని తగిలించాలన్నదే కదా రూలు? ఎవరి పళ్లెమో అందులో లేదు కదా? (మేనేజరు గారు, గోడ మీద పళ్లేల కింద పేర్లు రాసే పెయింటరును అడిగి, లేదన్నారు.) అయితే సరే.

(సంచీలోంచి డిస్కు తీశారు. అంచున పాల మరక. మొదటి వరసలో ఆమె భర్త లేచి నిలబడ్డారు.)

కూర్చోండి, మీరు నిలబడితే నా చూపు మీ మీదికే పోతుంది. ఆ మూడో గొలుసుకు మీరు వెల్డు చేసిన చోట ఒక లింకు కాస్త నల్లగా ఉంది చూశారా, దాన్నే చూస్తున్నాను. గోడ వైపు చూడను. ఇదిగో, అందిస్తున్నాను.

(గొలుసుల గలగల. చాలాసేపు చప్పట్లు.)

పెయింటరన్నా, మేకు కాస్త పైన కొట్టు, అందరికీ కనబడాలి. కింద ఆయన పేరే రాయి. ఇన్నేళ్లూ నన్ను ఇంటి మనిషిలా చూసుకున్న మీకందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ఏమండీ, కళ్లు తుడుచుకుని బయల్దేరండి, దారిలో పాలగిన్నెకో మూత కొనాలి. సెలవు.